పాత కారుకు గౌరవం సరే, దాన్ని బతికించిన చేతుల మాటేమిటి?

యాభై ఏళ్లు దాటిన కారు అసలు రూపంలోనే ఉంటే, యజమాని దాన్ని ‘వింటేజ్ వాహనం’గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం 20 వేల రూపాయలు కడితే పదేళ్ల రిజిస్ట్రేషన్, ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు వస్తాయి. ఆ కారుకు కావలసిన కార్బ్యురేటర్‌ను, గేర్‌బాక్సును వెతికి, కడిగి, బాగుచేసి ఇచ్చిన చిన్న వ్యాపారికి మాత్రం అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన మరో నియమావళి దారి మూసింది.

చేతిపనే పెట్టుబడి

సికింద్రాబాద్ 1806లో కంటోన్మెంటుగా ఏర్పడిన ఊరు. సైన్యం ఉన్నచోట అది వాడి వదిలేసిన బండ్లు కూడా ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిగిలిన జీపులను, ట్రక్కులను దేశమంతటా అమ్మేశారు. తర్వాత శక్తిమాన్‌లు, జోంగాలు, ప్రభుత్వ అంబాసిడర్లు, ఆర్టీసీ బస్సులు వేలానికి వచ్చాయి. పెద్ద వ్యాపారి లాటు మొత్తం పాడుకుంటే, చిన్న వ్యాపారి అతని దగ్గర నాలుగు ఇంజన్లో, పది డైనమోలో కొనుక్కునేవాడు. రాణిగంజ్ లాంటి స్పేర్‌పార్టుల బజార్లను ఆనుకుని ఈ బేరం సాగింది.

ఏ బేరింగు ఏ బండికి సరిపోతుందో చేత్తో పట్టుకుని చెప్పగలగడమే ఇక్కడ అసలు మూలధనం. భూమికీ బ్యాంకుకూ దూరంగా ఉంచిన కులాల కుర్రాళ్లకు, ముస్లిం పేదలకు ఇలాంటి పని ఒక మెట్టు. బండ్లు విప్పే పనిలో చేరినవాడు కొన్నేళ్లకు సొంతంగా సామాను పెట్టుకుని కూర్చోగలడు.

దారి ఎక్కడ మూసుకుపోయింది?

కొంత కాలం తెచ్చిన మార్పు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. కొత్త బండ్లలో ఎలక్ట్రానిక్స్ పెరిగి, విప్పి బాగుచేయడం కష్టమైంది. అసలు దెబ్బ మాత్రం సరుకు మీద పడింది.

2021 నియమాల ప్రకారం రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రం పెట్టాలంటే లక్ష రూపాయల ఫీజు, 10 లక్షల బ్యాంకు గ్యారంటీ, స్థలం, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. ఆ కేంద్రం ఇచ్చే సర్టిఫికెట్‌తోనే కొత్త బండి పన్నులో రాయితీ వస్తుంది. సొంత వాహనాలకు అది 25 శాతం దాకా ఉండొచ్చు. ఇక యజమాని తన పాత బండిని సందులోని వ్యాపారికి ఎందుకిస్తాడు? 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలు కూడా ఈ కేంద్రాలకే వెళ్లాలి. సాయుధ వాహనాల వంటి కొన్నింటికే మినహాయింపు ఉంది.

10 లక్షలంటే ఎంతో చూడండి. 2021లో మొదలైన దళితబంధులో ఒక కుటుంబానికి ఇచ్చిన మొత్తం అంతే. ఒక ఇంటి బతుకు మార్చడానికని ఇచ్చిన డబ్బు ఇక్కడ గ్యారంటీకే సరిపోతుంది.

భద్రత వద్దని ఎవరూ అనరు

పాత ఆయిలు, బ్యాటరీ యాసిడ్ ముందు హాని చేసేది ఆ పని చేసే మనిషికే. 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలోని ఒక తుక్కు గోదాములో మంటలు చెలరేగి 11 మంది బిహారీ వలస కార్మికులు చనిపోయారు. వాళ్లు పనిచేసేచోటే నిద్రపోతున్నారు. వాళ్లకు కావలసింది బయటపడే దారి ఉన్న గది, తనిఖీకి వచ్చే అధికారి. బ్యాంకు గ్యారంటీ ఈ రెండింటిలో దేన్నీ ఇవ్వదు. డబ్బున్నవాడిని లోపలికి రానిచ్చి, పని తెలిసినవాడిని బయట నిలబెడుతుంది. కులం శ్రమను మాత్రమే కాదు, శ్రామికులనే విభజిస్తుందని అంబేడ్కర్ 1936లోనే చెప్పారు. ఆ విభజన ఇప్పుడు డిపాజిట్ల రూపంలోనూ పనిచేస్తోంది.

ఏం అడగాలి?

కేంద్ర సంస్థలు కొనే సరుకులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న సంస్థల నుంచి తీసుకోవాలని 2012 నాటి ఉత్తర్వు చెబుతోంది. అది కొనుగోళ్లకే వర్తిస్తుంది. ప్రభుత్వం అమ్మే పాత సామానులోనూ వాటా అడగాలి. వేలంలో చిన్న లాటులు పెట్టమనాలి. స్క్రాపింగ్ కేంద్రానికి వ్యక్తులే కాదు, సొసైటీలు కూడా దరఖాస్తు చేయవచ్చు. చిన్న వ్యాపారులు, విప్పే పనివాళ్లు సొసైటీగా ఏర్పడితే గ్యారంటీని ప్రభుత్వమే భరించాలని, స్థలం చూపించాలని అడగవచ్చు. స్క్రాపింగ్ కేంద్రాల్లో ఈ పనివాళ్లకు నైపుణ్యానికి తగిన ఉద్యోగం, పీఎఫ్, ఈఎస్ఐ కావాలని కూడా అడగాలి.

యాభై ఏళ్ల కారును కాపాడటానికి నియమం రాయగలిగిన ప్రభుత్వం, ఆ కారును యాభై ఏళ్లు నడిపించిన మనిషి కోసం కూడా ఒకటి రాయగలదు.