ఓడలు బండ్లు, బండ్లు ఓడలు

సముద్రమునకు మిక్కిలి దూరమున, కొండల నడుమ మెట్టసేద్యమును నమ్ముకొని బ్రతుకు తంబళ్లపల్లె సీమలో ఓడను కన్నులార చూడనివారు పెక్కుమంది యుందురు గాని, “ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును” అను లోకోక్తి నెరుగనివా రుండరు. ఎన్నికలలో ఓడిన నాయకుని గూర్చియు, వైభవము తరిగిన నటుని గూర్చియు పత్రికలు నేడును ఈ మాటనే వ్రాయుచున్నవి.

ఆంగ్లేయులు ‘మొత్తముమీద’ అను నర్థమున వాడు ‘బై అండ్ లార్జ్’ అను పలుకుబడి, గాలి కెదురొడ్డియు, గాలివాటమునను నడచు తెరచాప నావల వ్యవహారమునుండి పుట్టినది. మన లోకోక్తియు నీటిదారుల అనుభవమునే చెప్పుచున్నది. సుమతీశతకమున నీ భావము గల పద్యమును పరికించినచో, అందు ఓడ బండిగా మారుట లేదు; బండ్లు ఓడలపై వచ్చును, ఓడలు బండ్లపై వచ్చును, కలిమిలేములును అట్లే యొకదాని వెంట నొకటి వచ్చును. కాలక్రమమున మోయుట యను భావము మరుగుపడి, మారుట యను భావమే నిలిచినది. అందుచేతనే యొకరి పతనమును వేడుకగా చూచుటకు సైత మీ మాట యుపయోగపడుచున్నది.

ఓడలు తెలుగువారికి క్రొత్తవి కావు. క్రీస్తుశకము 2వ శతాబ్దమున యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు కొయ్యల ఓడను నాణెములపై ముద్రింపించెను. 1244 ప్రాంతమున కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము మరింత స్మరణీయము. తుపానులో చిక్కి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకులను పూర్వరాజులు బలాత్కారముగా హరించుచుండగా, తాను నియతమైన సుంకము తప్ప మరేమియు గైకొననని యాతడు వర్తకులకు అభయ మొసగెను. విధివశమున కూలినవానిని దోచుకొనక నిలబెట్టుట రాజధర్మమని యీ శాసనము చాటుచున్నది.

ఈ ధర్మము మదనపల్లె టమాట సంతకును వర్తించును. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటి పలికిన పంట, కొలది వారములకే కోతకూలియు గిట్టని ధరకు దిగజారెను. నాడు భాగ్యవంతుడని కీర్తింపబడిన రైతే నేడు ఋణగ్రస్తుడైనపుడు, “ఓడలు బండ్లైనవి” అని నిట్టూర్చి యూరకుండుట తగదు. శీతల గిడ్డంగులు, గుజ్జు పరిశ్రమలు, గిట్టుబాటు ధర యను నభయము నేటి ప్రభుత్వముల వలన రైతునకు లభింపవలెను. ఓడ నడువలేనపుడు బండి దానిని మోయవలెననునదియే యీ లోకోక్తి మనకు నేర్పవలసిన నీతి.