సారథికి సంభావన

దోహా నగరమున ఫరీజ్ బిన్ మహమూద్ అను పేటలో కాపురమున్న కొడుకునో కూతురినో చూచి పోవుటకై మన దేశమునుండి వచ్చు తల్లిదండ్రులకు తొలి దినములలో డ్రైవరుతో పని పడదు. ఏలయన, 2019లో నడక మొదలిడిన మెట్రో గోల్డ్ లైనున ఆ పేట పేరనే యొక స్టేషను కలదు; అచ్చటనుండి ముషైరిబ్ మొదటి మజిలీ, సూఖ్ వాకిఫ్ రెండవది, నేషనల్ మ్యూజియము మూడవది; ఒక్కొక్క ప్రయాణము 2 రియాలులతో తీరిపోవును. కాని పట్టణము చూచుట ముగిసి ఎడారిని చూడవలెనన్న కోరిక పుట్టిన నాడు మెట్రో చేతులెత్తివేయును. 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టిక కెక్కిన వాయవ్యపు జుబారాయు, పడమట జిక్రీత్ మరుభూమిలో శిల్పి రిచర్డ్ సెర్రా 2014లో నిలిపిన నాలుగు ఉక్కు పలకలును, దక్షిణమున సముద్రము ఇసుకతిన్నెల నడుమకు చొచ్చుకొనివచ్చిన ఖోర్ అల్ అదైదును కారు లేనివానికి అందని స్థలములు. అందు కడపటిది, ఇసుకపై బండి నడుపుట యెరిగిన డ్రైవరు లేనివానికి అసలే యందదు.

ఖోర్ అల్ అదైద్ త్రోవలో తారురోడ్డు ముగిసినచోట అట్టి డ్రైవరు బండి నాపి, నాలుగు టైర్లనుండియు గాలిని కొంత వదలును. గాలి తగ్గిన టైరు వెడల్పై ఇసుకను పట్టుకొనును గాన బండి కూరుకొనిపోదు. తిన్నె శిఖరమున క్షణకాలము నిలిపి, ఆవలి పల్లమును కన్నులతో కొలిచి, పిదప దింపును. వెనుక సీటున పెద్దమ్మగారు ఏడుకొండలవానిని స్మరించుచుండుట అద్దములో చూచి వేగము తగ్గించును. టూరు కంపెనీ కాగితములో ఈ పని వ్రాసియుండదు. 1830లో మద్రాసునుండి కాశికి పల్లకిలో బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారి నాడును యాత్రికుని సుఖము మోయువాని యోర్పుపైననే యాధారపడియుండెను.

సాయంకాలము బండి మరల పేటకు వచ్చి అపార్టుమెంటు ముంగిట నిలిచినప్పుడు అసలు చిక్కు మొదలగును: డ్రైవరునకు సంభావన యెంత యీయవలెను? అమెరికాలో పెద్దకొడుకు ఇంట ఆరునెలలుండి వచ్చిన వారు నూటికి పదునైదో యిరువదియో లెక్క కట్టుదురు. హైదరాబాదునుండి తిన్నగా వచ్చినవారు నూరు రూపాయలకు సరిపడు నాలుగైదు రియాలులు వెదకి తీయుదురు. ఈ రెండు లెక్కలును ఇచ్చట పనికిరావని నా యభిప్రాయము. అమెరికాలో టిప్పు పుచ్చుకొను పనివానికి యజమాని యీయవలసిన కేంద్రప్రభుత్వపు కనీస వేతనము 1991 నుండి గంటకు 2 డాలర్ల 13 సెంట్లకడనే నిలిచియున్నది. కావున అచ్చట టిప్పనగా యజమాని తన నెత్తినుండి దింపుకొనిన జీతభారమును గిరాకీ మోయుటయే. ఖతార్‌లోనన్ననో, 2020 నాటి 17వ చట్టము 2021 మార్చి 20 నుండి అమలునకు వచ్చి, ఏ దేశస్థుడైనను ఏ పనివాడైనను నెలకు 1000 రియాలుల మూలవేతనమునకు తక్కువ యీయరాదనియు, యజమాని సమకూర్పనిచో వసతికి 500, భోజనమునకు 300 వేరుగా నీయవలెననియు శాసించినది. అంతకంటె హెచ్చు సంపాదించు డ్రైవర్లు లేకపోలేదు గాని, కొలతకు ఆ వేయినే గ్రహించుట మేలు. దానిని ముప్పదిచే భాగించిన దినమునకు ముప్పదిమూడు. పట్టణములో పూటంతయు త్రిప్పినవానికి 30, ఎడారిలో దినమంతయు నడిపినవానికి బండికి 50, గైడు వేరుగానున్నచో ఆతనికిని ఆ మాదిరిగనే యిచ్చుట నాకు సబబుగా తోచును. అనగా కిరాయిలో నూటికింత యని కాక, ఆతని దినములో ఇంత యని.

ఇక యజమాని యింటి డ్రైవరు సంగతి. కొడుకు కొలువులోని పై యధికారియో, కలవాడైన స్నేహితుడో 'మీ పెద్దలను నాలుగుచోట్ల చూపించి రండు' అని తన కారును, దానితో తన హౌస్ డ్రైవరును పంపును. ఈతడు 2017 నాటి 15వ చట్టము క్రింద గృహకార్మికుడు. దినమునకు పది గంటలకు మించి పని చేయింపరాదు, వారమునకొక దినము సెలవీయవలెను. మన విహారము ఆ పది గంటలను దాటినదో, ఆ సెలవునే మ్రింగినదో యని విచారించువారు అరుదు. కిరాయి లేని బండి గదా యని ఇచ్చట చేయి ముడుచుకొనువారే మెండు; నా దృష్టిలో అన్నింటికంటె ముందు ఇచ్చటనే చేయి విప్పవలెను. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో విందుకు వచ్చిన యతిథి వెడలునప్పుడు ఆ యింటి సేవకులు వరుసదీరి బహుమానములకు ఎదురుచూచు నాచారముండెను. దానిపై మండిపడి జోనాస్ హాన్వే యను పెద్దమనిషి, లండను వీథులలో గొడుగు పట్టి నవ్వులపాలైనవాడు ఈతడే, 1760లో లేఖలు ప్రకటించెను. ఆతని కోపము న్యాయమే. కాని దోహాలో మన కెవరును వరుసదీరరు, ఎవరును అడుగరు.

అన్నింటిని మించిన చిక్కు, స్టీరింగు పట్టినవాడు మనవాడైనప్పుడు వచ్చును. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, కడప ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయి బండ్లు నడుపుకొని బ్రతుకువారు ఎందరో కలరు. బండి కదిలిన కొద్దిసేపటికే 'మాది కోరుట్ల దిక్కు సార్' అనును. మధ్యాహ్నమునకు 'సార్' పోయి 'బాపూ' వచ్చును. ఆతడును మనకు డ్రైవరు కాక 'బిడ్డా' యగును. చుట్టరికమింత దూరము వచ్చిన పిమ్మట ఈయవలెనన్న తండ్రిగారికి సిగ్గు, పుచ్చుకొనవలెనన్న ఆతనికి సిగ్గు. 'మనోడికి డబ్బులేంటండీ, బాగుండదు' అని అమ్మగారనును. ఇరువురి సిగ్గునకును మూల్యము చెల్లించువాడు మాత్రము ఒక్కడే. పరదేశపు డ్రైవరునకు ఏబది రియాలులిచ్చి, స్వభాషీయునికి ఆవకాయ సీసా యిచ్చి సరిపుచ్చిన కుటుంబములను నేనెరుగుదును. ఆవకాయకు ఆతడు పొంగిపోవును, సందేహము లేదు. కాని వీసా ఏజెంటుకు కట్టుటకై కోరుట్లలో చేసిన అప్పు ఆవకాయతో తీరదు.

ఇచ్చునది రియాలులలోనే, నోట్లుగా, ఆతని చేతికే యీయవలెను. టూరు కంపెనీ కౌంటరులో వదలినది ఆతనికి చేరినదో లేదో మనము చూడబోము; మన రూపాయినోట్లిచ్చినచో మార్పించుకొను శ్రమ ఆతని నెత్తిన పడును; జేబు తేలికయగుటకై దిర్హము బిళ్లలను పోగుచేసి పోయుట అమర్యాద. త్రోవలో బిర్యానీ పెట్టించితిమి గదా యను సమాధానమును తరచుగా వినుచుందుము. పెట్టింపవలసినదే, మన బల్లకడనే కూర్చుండబెట్టి మరియు. కాని అన్నమునకు 300, జీతమునకు 1000 అని చట్టమే విడివిడిగా లెక్క కట్టియుండగా, రెంటిని ఒక్క పళ్లెములో మనమేల కలుపవలెను? మొదట 'వద్దు బాపూ' అనును, అది పెంపకము. 'పిల్లలకు పంపు బిడ్డా' అని మరల చేతిలో పెట్టినచో సాధారణముగా పుచ్చుకొనును. అప్పటికిని వలదన్నచో బలవంతము తగదు. ఆతడు లైసెన్సు గల లిమోజిన్ బండి నడుపువాడైనచో ఫోను నంబరు వ్రాసికొని, తిరుగు ప్రయాణమునాడు విమానాశ్రయపు కిరాయి ఆతనికే కుదిర్చి, బేరమాడక యిచ్చుట మేలు.