పునరుద్ధరణ న్యాయంలో స్వచ్ఛంద కార్యకర్త పాత్ర

1. పరిచయం

నేరం జరిగినప్పుడు న్యాయస్థానం ప్రధానంగా మూడు విషయాలు తేలుస్తుంది: ఏ చట్టాన్ని ఉల్లంఘించారు, ఎవరు ఉల్లంఘించారు, వారికి ఏ శిక్ష విధించాలి. పునరుద్ధరణ న్యాయం వేరే ప్రశ్నలతో మొదలవుతుంది. నష్టపోయింది ఎవరు? వారికి ఇప్పుడు కావలసిందేమిటి? దాన్ని తీర్చవలసిన బాధ్యత ఎవరిది? ఈ ప్రక్రియను చాలాచోట్ల సామాన్య పౌరులే నడుపుతారు. వారి పని ఏమిటో, దాని హద్దులు ఎక్కడున్నాయో ఈ భాగంలో తెలుసుకుంటారు.

2. నేపథ్యం

1974లో కెనడాలోని ఎల్మైరా పట్టణంలో ఇద్దరు యువకులు ఒకే రాత్రి 22 చోట్ల ఆస్తులు ధ్వంసం చేశారు. ఆ కేసు చూస్తున్న ప్రొబేషన్ అధికారి మార్క్ యాంట్జీ, వీరు బాధితులను స్వయంగా కలుసుకుంటే మేలని న్యాయమూర్తికి సూచించాడు. న్యాయమూర్తి అంగీకరించాడు. యువకులు ఇంటింటికీ వెళ్ళి తప్పు ఒప్పుకున్నారు, జరిగిన నష్టం ఎంతో తెలుసుకున్నారు, కొన్ని నెలల్లో పరిహారం చెల్లించారు. బాధితుడు, నేరస్థుడు ముఖాముఖి కలుసుకునే కార్యక్రమాలకు ఈ సంఘటనను నాందిగా చెబుతారు.

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం 1990ల మధ్యకాలంలో ఈ పనిని స్థానిక పౌరుల మండళ్ళకు అప్పగించింది. చిన్న నేరాలు చేసినవారు ఈ స్వచ్ఛంద సభ్యుల ముందు కూర్చుని, జరిగిన నష్టాన్ని ఎలా పూడ్చాలో చర్చించి, ఒప్పందం రాసుకుంటారు. క్షమాపణ లేఖ, నష్టపరిహారం, సమాజ సేవ వంటివి అందులో ఉంటాయి.

3. కార్యకర్త చేసే పని

ఒక కుర్రవాడు దుకాణం అద్దం పగలగొట్టాడనుకోండి. కార్యకర్త ముందుగా ఇద్దరినీ విడివిడిగా కలుస్తాడు. కుర్రవాడు బాధ్యత ఒప్పుకుంటున్నాడా? దుకాణదారు నిజంగా ఇష్టపడే వస్తున్నాడా? ఈ రెండూ నిర్ధారించుకున్న తరువాతే సమావేశం. అక్కడ దుకాణదారు అద్దం ఖరీదుతో ఆగకపోవచ్చు. "మా దుకాణమే ఎందుకు?" అని అడగవచ్చు. ఆ ప్రశ్నకు కుర్రవాడే జవాబు చెప్పాలి. కార్యకర్త అతని తరఫున మాట్లాడకూడదు, నీతిబోధ చేయకూడదు. చివరకు ఒప్పందం ఇరువురికీ సాధ్యమైనదేనా అని చూసి, అది అమలయ్యేవరకు కనిపెట్టి ఉంటాడు.

4. పెద్దమనుషుల పంచాయితీతో తేడా

ఇది మన ఊళ్ళలోని పెద్దమనుషుల పంచాయితీ వంటిదేనని మీకు అనిపించవచ్చు. పోలిక పైపైనే. పంచాయితీలో పెద్దలు తీర్పు చెబుతారు, తప్పు కట్టిస్తారు. కులబలం, ధనబలం ఉన్నవారి మాట అక్కడ చెల్లుబాటయ్యే ప్రమాదం ఉంది. "ఊరి పరువు" పేరుతో బాధితురాలి నోరు మూయించవచ్చు. పునరుద్ధరణ న్యాయంలో కార్యకర్తకు తీర్పు చెప్పే అధికారమే లేదు.

5. హద్దులు

నిందితుడు నేరాన్ని కాదంటే, నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానమే. బాధితుల్ని క్షమించమని ఒత్తిడి చేయకూడదు. క్షమించడం, క్షమించకపోవడం వారి ఇష్టం. గృహహింస వంటి సందర్భాల్లో ఒకరికొకరు ఎదురుగా కూర్చోవడమే బాధితురాలికి ప్రమాదం కావచ్చు. అప్పుడు సమావేశం జరపకపోవడమే కార్యకర్త బాధ్యత. రాజీల సంఖ్యను బట్టి ఈ పనిని కొలవరాదు. బాధితులు నిర్భయంగా "వద్దు" అనగలిగారా అన్నదే అసలు గీటురాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ప్రాంతంలో జరిగిన ఒక చిన్న తగాదాను తీసుకోండి. పై మూడు ప్రశ్నలను దానికి అన్వయించి, సమావేశం జరపవచ్చో లేదో కారణాలతో పది వాక్యాల్లో రాయండి.