కొబ్బరిని ఎండబెట్టేది గాలి

చలి దేశాల్లో ఇంటి వెనక చిన్న వర్క్‌షాపు ఉన్నవాళ్లు దక్షిణపు గోడకు గాజుపెట్టె బిగించి, ఎండతోనే లోపల వెచ్చబరుచుకుంటారు. కోనసీమలో గదికి వేడి అక్కర్లేదు. కానీ ఆ పెట్టె మనకే ఎక్కువ అవసరమని నా నమ్మకం. అంబాజీపేట చుట్టూ ఏ ఊళ్లోనైనా ఎండబెట్టాల్సిన కొబ్బరి ఉంటుంది.

పచ్చి కొబ్బరిలో దాదాపు సగం నీరే. గానుగకు చేరేనాటికి అది 6 శాతానికి దిగాలి. లేదంటే బూజు పడుతుంది. ఆస్పర్‌జిల్లస్ జాతి బూజుల్లో కొన్ని, కాలేయాన్ని దెబ్బతీసే అఫ్లాటాక్సిన్ విషాన్ని తయారుచేస్తాయి. చిప్పల్ని ఆరుబయట పరిస్తే రోజుల తరబడి ఎండాలి. ఈలోగా ఒక్క జల్లు చాలు, అంతా మొదటికొస్తుంది. పొగ మీద ఆరబెడితే మసి, వాసన పడతాయి. (కురిడీ సంగతి వేరు, అది కాయలోనే నెలల తరబడి ఎండుతుంది.)

ఇక్కడి చిక్కు గాలిలోని తేమ. ఒకవైపు సముద్రం, చుట్టూ గోదావరి పాయలు, ఊరూరా కాలువలు. 30 డిగ్రీల గాలిలో తేమ 80 శాతం ఉందనుకోండి. అది ఇంకెంతో నీటిని తీసుకోలేదు. ఆ గాలినే 55 డిగ్రీలకు వేడిచేస్తే, అందులోని ఆవిరి ఏమాత్రం తగ్గకపోయినా, సాపేక్ష తేమ 21 శాతం దగ్గరికి పడిపోతుంది. అప్పుడు గాలికి దాహం వేస్తుంది, చిప్పల్లోని నీటిని తాగేస్తుంది.

గాలిని అలా వేడిచేసేది ఆ గాజుపెట్టే: నల్లరంగు వేసిన రేకు, పైన గాజు, కింద వేడి పోకుండా కొబ్బరిపీచు. అమలాపురం అక్షాంశం 16.6 డిగ్రీలు కాబట్టి దక్షిణానికి సుమారు అంతే వాలు ఇవ్వాలి. కింది కంతలోంచి దూరిన గాలి వేడెక్కి, పైకి లేచి, చిప్పల అరల గుండా సాగి, పైగొట్టంలోంచి బయటపడుతుంది. చాలామంది వేడి పోతుందని ఆ గొట్టం మూసేస్తారు. అప్పుడు ఆవిరి లోపలే నిలిచి కొబ్బరి ఉడుకుతుంది, ఎండదు.

100 కిలోల పచ్చి కొబ్బరి నుంచి సుమారు 47 కిలోల నీరు పోవాలి. దానికి 31 యూనిట్ల (కిలోవాట్ గంటల) వేడి కావాలి. మంచి ఎండరోజున చదరపు మీటరుకు 5 యూనిట్లు పడితే, అందులో పావువంతే పనికొచ్చినా 10 చదరపు మీటర్ల గాజుతో రెండున్నర రోజులకు సరిపోతుంది.

ఎండ వాలగానే మాత్రం కింది కంత, పైగొట్టం రెండూ మూయాలి, లేకపోతే రాత్రి తేమ మళ్లీ కొబ్బరిలోకి చేరుతుంది. ముసురు రోజులకు ఖాళీ చిప్పలు మండించే పొయ్యి తోడుండాలి. దాని గొట్టం వేడే గాలికి తగలాలి, పొగ తగలకూడదు.