గుర్రం వంశం పళ్ళలో ఉంది

దానమిచ్చిన ఆవుకు పళ్ళు ఎంచినట్టు అని మనం మాటవరసకు అంటూ ఉంటాం. దానంగా వచ్చినదానికి ఎంచకూడదు గాని, డబ్బిచ్చి కొనేదానికి ఎంచి తీరాలి. మా పాలమూరు, నల్గొండ వైపు పశువుల అంగట్లో ఎద్దు నోరు తెరిచి చూశాకే బేరం మొదలవుతుంది. పాలపళ్ళు ఊడి రెండు పళ్ళు వచ్చాయంటే ఇంచుమించు రెండేళ్ళ వయసనీ, ముందు పళ్ళు ఎనిమిదీ వచ్చేస్తే ఇక ఎదిగిన పశువనీ లెక్క. ఆ ఎనిమిదీ కింది దవడవే సుమండీ. ఆవుకూ ఎద్దుకూ పై దవడలో ముందు పళ్ళు ఉండనే ఉండవు. గుర్రానికి మాత్రం పైనా కిందా ఉంటాయి. దాని వయసు కూడా అయిదేళ్ళ దాకా పళ్ళు వచ్చే వరసను బట్టి, ఆ తర్వాత అవి అరిగిన తీరును బట్టి చెప్తారు.

అంగట్లో పన్ను వయసు చెప్తే, శాస్త్రజ్ఞుల దగ్గర అది ఇంకా చాలా చెప్తుంది. ఆ జంతువు ఏం తినేది, ఎంత బరువుండేది, ఎవరికి చుట్టం అనేవన్నీ. తగాదాలు వచ్చేది ఈ చుట్టరికం దగ్గరే. ఏనాడో అంతరించిపోయిన జంతువులో మనకు మిగిలేది చాలాసార్లు పళ్ళే. మాంసం కుళ్ళిపోతుంది, ఎముక పొడి అవుతుంది. పన్ను మీది పింగాణి పొర ఒంట్లో అన్నిటికన్నా గట్టిది కనుక అది నిలుస్తుంది.

ఇప్పటి గుర్రం దవడపన్ను మన ఇసుర్రాయి లాంటిది. రాయి నున్నబడితే ఉలితో గంట్లు కొట్టిస్తాం కదా, గుర్రానికి ఆ గంట్లు పుట్టుకతోనే ఉంటాయి. పింగాణి మడతలు మడతలుగా లోపలికంటా దిగి ఉంటుంది. ఎంత అరిగినా గరుకు పోదు. గడ్డిలో ఇసుకలాంటి పదార్థం ఉంటుంది గనుక పన్ను త్వరగా అరుగుతుంది. అందుకే అది పొడుగ్గా ఉండి, అరిగిన కొద్దీ చిగురులోంచి పైకి వస్తూ ఉంటుంది. కాని సుమారు 5 కోట్ల 50 లక్షల ఏళ్ళ కిందటి తొలి గుర్రాలకు ఈ వైభవం లేదు. పొట్టి పళ్ళు, వాటి మీద చిన్న చిన్న బొడిపెలు. లేత ఆకులూ పండ్లూ నమలడానికి అవి చాలు. ముందు కాళ్ళకు నాలుగేసి, వెనక కాళ్ళకు మూడేసి వేళ్ళు. ఒళ్ళంతా కలిపి నక్కంత.

అలాంటిదాన్ని చూసి గుర్రమని ఎవరనుకుంటారు చెప్పండి? ఇంగ్లండులో కెంట్ తీరాన దొరికిన ఒక పుర్రెను చూసి రిచర్డ్ ఓవెన్ అనే పండితుడు కూడా అనుకోలేదు. ఆఫ్రికా రాళ్ళగుట్టల్లో ఉండే, కుందేలంత హైరాక్స్ అనే జంతువును పోలి ఉందనుకుని 1841లో ‘హైరాకోథీరియం’ అని పేరు పెట్టాడు. 1876లో అమెరికాలో మార్ష్ అనే ఆయన అక్కడ దొరికిన తొలి గుర్రానికి ‘ఇయోహిప్పస్’ అన్నాడు. ఉషఃకాలపు గుర్రం అని అర్థం. తర్వాత రెండూ ఒకటేనన్నారు. ముందు పెట్టిన పేరే చెల్లుతుందని ఈ శాస్త్రంలో కట్టుబాటు. దాంతో అంత చక్కని పేరు పోయి, గుర్రాల మూలపురుషుడికి హైరాక్స్ పేరు స్థిరపడింది. నాకైతే ఇది పెళ్ళిలో పిల్ల పేరు మార్చినట్టే అనిపిస్తుంది. అయినా కథ అక్కడ ఆగలేదు. ఆ తర్వాత హుకర్ అనే శాస్త్రజ్ఞుడు పళ్ళు మళ్ళీ పరీక్షించి, ఓవెన్ చూసినది గుర్రాల సొంత శాఖది కాదు, దాయాదుల శాఖది అన్నాడు. 2002లో ఫ్రోలిక్ అమెరికా తొలి గుర్రాలను అనేక ప్రజాతులుగా విడగొట్టాడు. ఇయోహిప్పస్ పేరు మళ్ళీ బతికింది. అన్నిటికంటే పాత పొరలోదానికి ‘సిఫ్రహిప్పస్’ అని పేరు పెట్టాడు. ఆ పొరకు వేసిన అంకె సున్నా. మన వైపు ఉర్దూలో సున్నాను సిఫర్ అంటాం కదా, అదే మాట!

ఈ సిఫ్రహిప్పస్ పళ్ళు కొలిచి 2012లో ఒక సంగతి బయటపెట్టారు. అప్పట్లో భూమి బాగా వేడెక్కింది. ఆ వేడిలో ఈ గుర్రం సుమారు 5.6 కిలోల నుంచి 3.9 కిలోలకు, అంటే పిల్లి అంతకు, తగ్గిపోయింది. చల్లబడ్డాక మళ్ళీ పెరిగింది. ఇదంతా పన్ను సైజును బట్టే.

మరి గుర్రం, ఖడ్గమృగం, టాపిర్ ఈ మూడింటికీ మూలం ఎక్కడ? ఇక్కడ మన దేశం పేరు వస్తుంది. గుజరాత్‌లో సూరత్ జిల్లా వస్తాన్ లిగ్నైటు గనిలో దొరికిన కాంబేథీరియం అనే జంతువుకు 2005లో పేరు పెట్టారు. వయసు సుమారు 5 కోట్ల 45 లక్షల ఏళ్ళు. 200కు పైగా శిలాజాలు చూసి 2014లో కెన్నెత్ రోజ్ బృందం చెప్పినదేమిటంటే, ఇది గుర్రం కాదు గాని, ఆ మూడింటికీ మూలమైన జంతువుకు చాలా దగ్గరి చుట్టం. అప్పటి మన దేశం సముద్రంలో కదులుతూ ఆసియా వైపు పోతున్న పెద్ద ద్వీపం. అంటే ఆ వంశం ఈ ద్వీపం మీదే మొదలై ఉండవచ్చునని వారి ఊహ.

ఇంకా వెనక్కి వెళ్తే మన ఇలాకాకే వస్తాం. పాలమూరు, నల్గొండ చెలక నేలల కింద ఉన్నది గ్రానైటు. కరిగిన రాయి గట్టిపడి అయినది గనుక అందులో పళ్ళు వెతికి లాభం లేదు. కాని పొరుగున వికారాబాద్ వైపు నల్లరాయి మొదలవుతుంది. అది లావా. ఒక పొంగుకూ మరో పొంగుకూ మధ్య చెరువులు ఏర్పడి, వాటి ఒండ్రు రెండు రాళ్ళ నడుమ చిక్కుకుంది. నస్కల్ అనే పల్లె దగ్గర అలాంటి మట్టిని నానబెట్టి, సన్న జల్లెడల్లో కడిగి, మిగిలినదాన్ని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు సూక్ష్మదర్శిని కింద ఏరారు. దొరికినవి ఆవగింజంత పళ్ళు! ప్రసాద్, సాహ్నీ గార్లు 1988లో ఆ జంతువుకు ‘దక్కనోలెస్టిస్’ అని పేరు పెట్టారు. రాక్షసిబల్లుల చివరి రోజులది, సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ నాటిది.

పురుగులు తినే చుంచులాంటిదని మొదట అన్నారు. 1994లో మడమ ఎముకలు చూసి చెట్లెక్కేదన్నారు. కోతుల వైపు చుట్టమేమోనని కొందరు, ఆఫ్రికా, ఐరోపాల్లో దొరికే ఒక పాత కుటుంబానిదని 2010లో మరికొందరు, ఇప్పుడున్న ఏ శాఖకూ చెందదని 2011లో ఇంకొందరు అన్నారు. గుర్రం వైపు పన్ను మాత్రం నస్కల్ జల్లెడలో ఒక్కటీ పడలేదు. నస్కల్‌కూ వస్తాన్‌కూ మధ్య కోటి ఏళ్ళకు పైబడి వ్యవధి ఉంది. ఆ మధ్యకాలపు పళ్ళు దొరికితే గాని, కాంబేథీరియం ఈ నేల మీదే పుట్టిందో, బయటి నుంచి వచ్చిందో తేలదు.