ట్యాంకర్ బోల్తా పడితే... మొదటి పది నిమిషాలు డ్రైవర్‌వే

భిలాయి ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్‌లో, సెక్టర్ 7 వంటి కాలనీల్లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. గ్యాస్ ఎంత ప్రమాదకరమో వీరికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2014 జూన్ 12న ప్లాంటులో కార్బన్ మోనాక్సైడ్ లీకై ఆరుగురు చనిపోయారు. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైన్ దగ్గర జరిగిన పేలుడు పదిమందికి పైగా ప్రాణాలు తీసింది.

అవి ప్రహరీ లోపలి ప్రమాదాలు. అక్కడ అగ్నిమాపక దళం, గ్యాస్ నిపుణులు అందుబాటులో ఉంటారు. కానీ ఉక్కు తయారీలో పుట్టే బెంజాల్, కోల్ తారు, ద్రవ ఆక్సిజన్ వంటివి ట్యాంకర్లలో బయటికీ వెళ్తాయి. రోడ్డు మీద ఏదైనా జరిగితే, సాయం వచ్చేదాకా అక్కడ ఉండేది డ్రైవర్, క్లీనర్ మాత్రమే.

అన్నిటికీ ఒకటే మందు కాదు

మంటలంటే నీళ్లు చల్లాలన్నది అందరికీ తట్టే ఆలోచన. బెంజీన్ నీటిపై తేలుతుంది కాబట్టి నీళ్లు పోస్తే మంట మరింత దూరం పాకుతుంది. దానికి ఫోమ్ కావాలి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంపై కాసిని నీళ్లు పడితే వేడెక్కి చిమ్ముతుంది. మైనస్ 183 డిగ్రీల వద్ద మరిగే ద్రవ ఆక్సిజన్ తనంతట తాను మండదు, కానీ చుట్టూ ఉన్నవాటిని భగ్గున మండిస్తుంది. అది కారిన తారు రోడ్డుపై గట్టిగా అడుగు వేసినా పేలుడు జరగొచ్చు. ఎల్పీజీ గాలికంటే బరువు కనుక నేలను అంటుకుని పల్లానికి, డ్రైనేజీల్లోకి చేరుతుంది. 2012 ఆగస్టు 27న కేరళలోని కన్నూరు జిల్లా చాలాలో ఎల్పీజీ ట్యాంకర్ డివైడర్‌ను ఢీకొని బోల్తా పడింది. లీకైన గ్యాస్ అంటుకుని 20 మంది చనిపోయారు.

పలక ఏం చెబుతుంది?

అందుకే ట్యాంకర్‌కు రెండు పక్కలా, వెనుకా సమాచార పలక ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు (1989) చెబుతున్నాయి. సరుకు పేరు, ఐక్యరాజ్యసమితి సంఖ్య, ప్రమాద చిహ్నం, అత్యవసర ఫోన్ నంబర్ అందులో ఉంటాయి. 1203 అంటే పెట్రోలు, 1114 అంటే బెంజీన్, 1073 అంటే ద్రవ ఆక్సిజన్. పెట్రోలు ట్యాంకర్‌పై కనిపించే 3వైఈ కోడ్‌లో 3 అంటే ఫోమ్ వాడాలని, వై అంటే సరుకు కాల్వల్లోకి పోకుండా ఆపాలని, ఈ అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే విషయం ఆలోచించాలని అర్థం. ఈ వివరాలే మరింత విపులంగా ఉండే ట్రెమ్ కార్డు క్యాబిన్‌లో చేతికందేలా ఉండాలి.

ఇలాంటి వాహనం నడిపేవారికి చదవడం, రాయడం రావాలి, మూడు రోజుల శిక్షణ పొందాలి. గతంలో ఈ లైసెన్సు ఏడాదికే చెల్లేది. 2019 సవరణతో ఆ గడువు మూడేళ్లయింది. రెన్యువల్‌కు ఒకరోజు పునశ్చరణ తప్పనిసరి. అంటే ఏటా గుర్తుచేసుకోవాల్సిన పాఠం ఇప్పుడు మూడేళ్లకోసారి వస్తోంది. ఆ లోటును పూడ్చాల్సింది సరుకు పంపేవారు, రవాణా సంస్థలే. లోడింగ్ దగ్గరే డ్రైవర్‌కు తెలిసిన భాషలో కార్డు చదివి వినిపించడానికి ఐదు నిమిషాలు చాలు.

లీకైన క్షణాన...

ఇంజిన్ ఆపాలి. వీలైతే బ్యాటరీ కనెక్షన్ తీసేయాలి. ట్రెమ్ కార్డు పట్టుకుని గాలి వీచే వైపుకు వెళ్లాలి. అంటే గాలి మన వైపు నుంచి ట్యాంకర్ వైపు వీయాలి. 112కు ఫోన్ చేసి ముందుగా సంఖ్య, సరుకు పేరు చెప్పాలి. జనాన్ని, వాహనాలను ఆపాలి. బీడీలు, సెల్‌ఫోన్లతో ఎవరినీ దగ్గరకు రానివ్వకూడదు.

అన్నిటికంటే కష్టమైనది జనాన్ని ఆపడమే. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లోని అహ్మద్‌పూర్ షర్కియా దగ్గర బోల్తా పడిన ట్యాంకర్ నుంచి కారుతున్న పెట్రోలును పట్టుకోవడానికి ఊళ్లోవాళ్లు బిందెలతో వచ్చారు. అంటుకున్న మంటల్లో 200 మందికి పైగా చనిపోయారు. "దగ్గరకు రావద్దు" అని ఎందుకు అరవాలో డ్రైవర్‌కు తెలియాలి. ఆ అరుపును ఎందుకు వినాలో ఊరికీ తెలియాలి.