సైకిలు గొలుసు అరుగుదల

సైకిలు గొలుసు అరుగుదల అనగా పెడలు మీద వేసిన బలాన్ని వెనుక చక్రానికి అందించే గొలుసు యొక్క కీళ్ళు రాపిడి వలన క్రమంగా తరిగిపోయి, దాని మొత్తం పొడవు పెరగడం. వాడుకలో దీనిని "చైను సాగింది" అంటారు. ఈ మాట ఎంత ప్రచారంలో ఉన్నా సరియైనది కాదు. గొలుసులోని ఉక్కు పలకలు రబ్బరువలె సాగవు. ప్రతి కీలులోను పిన్ను కొద్దిగా సన్నబడి, దాని చుట్టూ ఉన్న రంధ్రము కొద్దిగా పెద్దదవుతుంది. ఒక్కో కీలులో వెంట్రుకవాసి వదులు ఏర్పడినా, వందకు పైగా కీళ్ళలోని వదులు కలిసి గొలుసు పొడవుగా కనిపిస్తుంది. ఈ తేడాను గ్రహించకపోవడం వలననే గొలుసుతోపాటు ఫ్రీవీలు, చైన్‌వీలు కూడా ముందుగానే పాడవుతున్నాయి.

నిర్మాణము

ఇప్పుడు వాడుకలో ఉన్న బుషు, రోలరు గొలుసును స్విట్జర్లాండులో జన్మించి ఇంగ్లండులోని మాంచెస్టరులో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో రూపొందించాడు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలు వెనుక చక్రాన్ని గొలుసుతో నడిపే పద్ధతిని జనాదరణలోకి తెచ్చింది.

గొలుసులో లోపలి పలకల జత, వెలుపలి పలకల జత ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. లోపలి పలకలను బుషులు కలుపుతాయి. బుషుపై రోలరు తిరుగుతుంది. వెలుపలి పలకలను కలిపే పిన్ను బుషు లోపల తిరుగుతుంది. ఒక పిన్ను మధ్యభాగము నుండి తరువాతి పిన్ను మధ్యభాగము వరకు గల దూరము అర అంగుళము, అంటే 12.7 మి.మీ. సైకిలు ఏ కంపెనీదైనా ఈ కొలత మారదు. వెడల్పు మాత్రం మారుతుంది. సాధారణ సైకిలు గొలుసు లోపలి వెడల్పు అంగుళంలో 8వ వంతు కాగా, గేరు సైకిళ్ళ గొలుసు అంతకంటె సన్నగా ఉంటుంది.

అరుగుదల ఎక్కడ, ఎందుకు

గొలుసు నిటారుగా సాగే చోట కీలు కదలదు, కనుక అక్కడ అరుగుదల లేదు. పళ్ళచక్రం మీదికి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మాత్రమే కీలు వంగుతుంది. ముందు చక్రంపై రెండుసార్లు, వెనుక చక్రంపై రెండుసార్లు, మొత్తం ఒక చుట్టుకు నాలుగుసార్లు. 44 పళ్ళ చైన్‌వీలు వద్ద కీలు సుమారు 8 డిగ్రీలు వంగితే, 18 పళ్ళ ఫ్రీవీలు వద్ద 20 డిగ్రీలు వంగుతుంది. చిన్న చక్రమే గొలుసును ఎక్కువగా అరగదీస్తుందని దీనిని బట్టి తెలుస్తుంది.

ఒక లెక్క చూడవచ్చు. కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ రైల్వే స్టేషను నుండి భద్రాచలం పట్టణానికి దూరము సుమారు 40 కి.మీ. ముందు 44, వెనుక 18 పళ్ళు, 28 అంగుళాల చక్రాలు ఉన్న సాధారణ సైకిలు, పెడలు ఒక చుట్టు తిరిగితే సుమారు 5.5 మీటర్లు పోతుంది. దారి పొడవునా తొక్కితే పెడలు 7,200కు పైగా చుట్లు తిరగాలి. 112 కీళ్ళ గొలుసు ఆ సమయంలో సుమారు 2,850 సార్లు చుట్టి వస్తుంది. అంటే ఒక్క ప్రయాణంలో ప్రతి కీలు సుమారు 11,400 సార్లు వంగుతుందన్న మాట. ఇదంతా ఒత్తిడి లేకుండా జరిగే పని కాదు. పెడలు కడ్డీ పొడవు ఆరున్నర అంగుళాలు, 44 పళ్ళ చక్రము యొక్క వ్యాసార్ధము మూడున్నర అంగుళాలు. కాబట్టి 60 కిలోల మనిషి లేచి నిలబడి తన బరువంతా ఒక పెడలుపై వేసినప్పుడు గొలుసుపై పడే లాగుడు సుమారు 110 కిలోల బరువుకు సమానము.

ఖమ్మం, భద్రాచలం దారులు

ఇంత ఒత్తిడిలో పిన్నుకు, బుషుకు మధ్య ఇసుక రేణువు చేరితే అది ఆకురాయి వలె పనిచేస్తుంది. ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం, అక్కడి నుండి దుమ్ముగూడెం, చర్ల వరకు గల ప్రాంతంలో ఇటువంటి రేణువులకు కొదువ లేదు. చెలక నేలల ఎర్రదుమ్ము, గోదావరి ఇసుక, బొగ్గు లారీల వెంట లేచే ధూళి, పాల్వంచ తాప విద్యుత్ కేంద్రపు బూడిద వేరువేరు చోట్ల సైకిలుకు అంటుకుంటాయి. వీటిలో శుద్ధమైన బొగ్గు మెత్తనిదే. దానితో కలిసి ఉండే రాతిపొడి, బూడిదలోని సిలికా, నది ఇసుకలోని స్ఫటిక రేణువులు మాత్రం ఉక్కును గీయగల గట్టిదనము కలవి.

అడవి దారులలో మరొక చిక్కు వాగులు. వానాకాలంలో వాగు దాటిన ప్రతిసారీ గొలుసులోని నూనె కొంత కొట్టుకుపోయి, దాని స్థానంలో బురదనీరు చేరుతుంది. తారురోడ్డుపై ఎండాకాలమంతా నిలిచిన గొలుసు ఈ దారులలో ఒక్క వానాకాలానికే మార్చవలసిన స్థితికి రావచ్చు. బడికి పోయే పిల్లలకు, పాలు, కట్టెలు మోసేవారికి ఇది చిన్న విషయము కాదు. అరిగిన గొలుసు ఒక్కసారిగా పన్ను దాటితే, బలంగా తొక్కుతున్న కాలు ఖాళీలోకి పడిపోతుంది. మనిషి అడ్డకడ్డీ మీదికో రోడ్డు మీదికో పడతాడు. వెనుక లారీ ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

కొలిచే పద్ధతి

దీనికి ప్రత్యేక పరికరము అవసరం లేదు. విద్యార్థుల వద్ద ఉండే 30 సెం.మీ. స్కేలు చాలు, అది ఉక్కుదైతే మరీ మంచిది. వెనుక బ్రేకు పట్టి, ముందున్న పెడలును కిందికి నొక్కి ఉంచితే గొలుసు పైభాగము బిగుతుగా నిలుస్తుంది. ఒక పిన్ను యొక్క ఎడమ అంచును గుర్తుగా తీసుకొని, దానిని సున్నగా లెక్కించి, 20వ పిన్ను ఎడమ అంచు వరకు కొలవాలి. స్కేలు అంచు అరిగి ఉండే అవకాశం ఉన్నందున సున్న గీత నుండి కాక 1 సెం.మీ. గీత నుండి మొదలుపెట్టి, వచ్చిన విలువలో నుండి దానిని తీసివేయడం మేలు.

కొత్త గొలుసులో ఈ దూరము సరిగా 254 మి.మీ. ఉంటుంది. 255 దాటితే అరుగుదల అర శాతానికి చేరువలో ఉన్నట్లు. ఒకే ఫ్రీవీలు గల సాధారణ సైకిలుకు 256.5 మి.మీ., అనగా ఒక శాతము, హద్దు. ఆ తరువాత గొలుసును ఉంచడం లాభసాటి కాదు. గొలుసు అన్ని చోట్లా ఒకే విధంగా అరగదు కనుక మూడు చోట్ల కొలిచి ఎక్కువ వచ్చిన విలువనే తీసుకోవాలి.

స్కేలు లేనప్పుడు చైన్‌వీలు ముందువైపున గొలుసును వేళ్ళతో ముందుకు లాగి చూడవచ్చు. పన్ను సగానికి పైగా బయటపడితే గొలుసు పని అయిపోయినట్లే. ఇది మోటు పరీక్ష. చైన్‌వీలు పళ్ళు కూడా అరిగి ఉంటే ఫలితం తప్పుదారి పట్టించవచ్చు.

లింకు తీయించడం

గొలుసు వదులైనప్పుడు మొదట వెనుక చక్రపు నట్లు వదులుచేసి చక్రాన్ని వెనుకకు జరుపుతారు. ఇది సరియైన పనే. గొలుసు కింది భాగము మధ్యలో వేలితో కదిపితే అర అంగుళము నుండి ముప్పావు అంగుళము వరకు ఆడాలి. మరీ బిగిస్తే బేరింగులు దెబ్బతింటాయి. చక్రము ఇక జరగని స్థితి వచ్చినపుడు రెండు కీళ్ళు తీసివేసి గొలుసును పొట్టి చేయడం చాలాచోట్ల ఉన్న అలవాటు. దీనివలన వదులు పోతుంది, జబ్బు పోదు. మిగిలిన ప్రతి కీలు మధ్య దూరము 12.7 మి.మీ. కంటె ఎక్కువగానే ఉంటుంది. అటువంటి గొలుసు పళ్ళ మూలలో కూర్చోక పైకి ఎక్కి నడుస్తూ, పళ్ళను తన కొలతకు తగినట్లు అరగదీసుకుంటుంది. కొంతకాలానికి పళ్ళు వంకీ తిరుగుతాయి. అప్పుడు కొత్త గొలుసు వేసినా ఆ ఫ్రీవీలుపై అది నిలవక జారిపోతుంది. కొత్త గొలుసు మంచిది కాదని దుకాణదారునితో తగవు పడేవారు ఫ్రీవీలు పళ్ళను ఒకసారి చూడాలి. లింకు తీయించి ఆదా చేసిన సొమ్ము ఈ విధంగా రెండింతలై పోతుంది.

లోపాలను గుర్తించుట

పెడలు జారిన ప్రతిసారీ దోషము గొలుసుదే కానక్కరలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే "టక్" మని జారితే అరిగిన గొలుసును, పళ్ళను అనుమానించాలి. గొలుసు కదలకుండానే పెడలు ముందుకు ఊడిపడినట్లయితే పెడలు కడ్డీని ఇరుసుకు బిగించే కాటర్ పిన్నును చూడాలి. అది కొంచెం వదులైనా ప్రతి చుట్టులోను కాలికి దెబ్బ తగిలినట్లు తెలుస్తుంది. గొలుసు, పళ్ళు సక్రమంగా తిరుగుతున్నా చక్రము కదలకపోతే ఫ్రీవీలు లోపలి చిన్న కొక్కేలు జిడ్డుకు అంటుకుపోయి ఉంటాయి. కిరోసినుతో కడిగి పలుచని నూనె వేస్తే చాలాసార్లు తిరిగి పనిచేస్తాయి.

పెడలు ఒక చుట్టులో గొలుసు ఒకచోట బిగిసి మరొకచోట వదులైతే చైన్‌వీలు వంగినది. రెండు మూడు చుట్లకు ఒకసారి మాత్రమే కుదుపు వస్తే ఏదో ఒక కీలు తుప్పుపట్టి బిగుసుకున్నది. పెడలును నెమ్మదిగా వెనుకకు తిప్పుతూ చూస్తే ఆ కీలు ఫ్రీవీలును వదిలినా వంగే ఉంటుంది. నూనె వేసి, రెండు చేతులతో అటూ ఇటూ పక్కలకు వంచితే వదులవుతుంది.

శుభ్రత, నూనె

నూనె కావలసినది గొలుసు పైన కాదు, లోపల. పాత గుడ్డతో దుమ్ము తుడిచి, కిరోసిను లేదా డీజిలుతో జిడ్డు వదిలించి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆ తరువాత ఒక్కొక్క రోలరుపై ఒక్కొక్క చుక్క వేస్తూ పెడలును వెనుకకు తిప్పాలి. రాత్రి వేసి ఉదయము వెలుపలి నూనెను తుడిచివేయడం ఉత్తమము. తుడవకుండా వదిలితే ఆ తడికే దుమ్ము పట్టి, నూనె వేసిన ఫలితం తలక్రిందులవుతుంది. నూనె చక్రపు అంచు మీద పడితే బ్రేకు పట్టదు.

మోటారు షెడ్లలో ఊరకే దొరికే కాలిన ఆయిలులో మసి, లోహపు రజను ఉంటాయి కాబట్టి అది తగదు. కొబ్బరినూనె, ఆముదము కొంతకాలానికి బంక కడతాయి. గ్రీజు బేరింగులకు మంచిదేగాని గొలుసు పైపూతగా దుమ్మును పట్టి ఉంచుతుంది. కుట్టుమిషను నూనె లోపలికి చక్కగా పోతుంది, కాని వానలో త్వరగా కొట్టుకుపోతుంది కనుక తరచు వేయాలి. వానాకాలంలో కొంచెం చిక్కని కొత్త ఇంజను ఆయిలు నయము.

గొలుసు తిరిగి తగిలించేటప్పుడు లాకు బిళ్ళ యొక్క మూసిన కొన గొలుసు పోయే దిక్కుకు ఉండాలి. తిరగవేస్తే కొమ్మకో చైను కవరుకో తగిలి ఊడిపోతుంది.

వరదలో మునిగిన సైకిలు

భద్రాచలం వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. ఇటువంటి వరదలలో మునిగిన సైకిలుకు పైపైన నూనె పూయడం హానికరము. నూనె వేయగానే ఒండ్రు ముద్దగా మారి లోపలే ఉండిపోతుంది. గొలుసును విప్పి మంచినీటితో, తరువాత కిరోసినుతో, కడిగిన ద్రవములో మట్టి కనిపించనంత వరకు ముంచి తీయాలి. ఫ్రీవీలు, పెడళ్ళు, ఇరుసు బేరింగులు కూడా విప్పించి కొత్త గ్రీజు పెట్టించాలి. ఆలస్యమైతే బేరింగు గుండ్లు తుప్పుపట్టి గుంటలు పడతాయి.

గేరు సైకిళ్ళు

దూరప్రయాణాలకు వాడే సన్నని టైర్ల రోడ్డు సైకిళ్ళలో వెనుక 8 నుండి 12 వరకు పళ్ళచక్రాలు పక్కపక్కన ఉంటాయి. ఈ గొలుసులలో విడి బుషు ఉండదు, లోపలి పలకల అంచునే బుషువలె మలుస్తారు. డీరైలరు వదులును ఎప్పటికప్పుడు లాగివేస్తుంది కాబట్టి అరుగుదల కంటికి కనిపించదు, కొలిస్తే తప్ప తెలియదు. హద్దు కూడా తక్కువ. 9, 10 చక్రాల వాటికి ముప్పావు శాతము, 11, 12 చక్రాల వాటికి అర శాతము. వీటి వెనుక పళ్ళచక్రాల సముదాయము గొలుసు కంటె ఎన్నో రెట్లు ఖరీదైనది. ముందు పెద్ద చక్రము, వెనుక కూడా అన్నిటికంటె పెద్ద చక్రము కలిపి తొక్కితే గొలుసు ఏటవాలుగా నడిచి త్వరగా అరుగుతుంది. డీరైలరులోని రెండు చిన్న చక్రాలకు పట్టిన జిడ్డును కూడా గొలుసుతోపాటే తీయాలి, లేకపోతే కడిగిన గొలుసు మొదటి చుట్టులోనే మళ్ళీ మురికి అవుతుంది.